అద్దెకు పుట్టిల్లు!

లక్షలు పోసి ఖరీదైన రిసార్టులకు వెళ్లేవాళ్లు అక్కడ కొనుక్కునేది ఏమిటి? మెత్తటి పరుపులా, నీలి సముద్రమా, నలభై రకాల వంటకాలా? అవన్నీ ఉంటాయి, కాదనలేం. కానీ అసలు సరుకు వేరే ఉంది. అది ఫొటోల్లో పడదు!

వేసవి సెలవుల యాత్ర అంటే మనకు తెలిసింది ఒకటే. ఆరు రోజుల్లో ఏడు ఊళ్లు. తెల్లవారుజామున నాలుగున్నరకు అలారం. అయిదున్నరకల్లా అందరూ బస్సు దగ్గరుండాలి. అయిదు నిమిషాలు ఆలస్యమైతే మిగతావాళ్లంతా గుర్రుగా చూస్తారు. మధ్యలో బోలెడు ప్రశ్నలు... టిఫిను ఎక్కడ బాగుంటుంది? గదిలో వేణ్నీళ్లు వస్తాయా? ఆటోవాడు చెప్పిన రేటు నిజమేనా? పిల్లాడి జలుబు మందు ఏ సంచీలో పెట్టాం? ఇన్నీ దాటుకుని ఇల్లు చేరాక, తాళం తీస్తూ అందరూ అనే మాట కూడా ఒకటే... 'అమ్మయ్య, ఇంటికొచ్చి పడ్డాం!'

అలసట తీర్చుకుందామని వెళ్లి ఇంకాస్త మూటగట్టుకు రావడమంటే ఇదే. యాత్ర నుంచి తేరుకోవడానికి మర్నాడు ఆఫీసుకు మరో సెలవు పెట్టేవాళ్లు ఎందరో!

ఇప్పుడు ఇంకో సెలవును గుర్తుచేసుకోండి. అత్తారింటి నుంచి పుట్టింటికి వచ్చిన ఆడపిల్ల సెలవు. పొద్దున ఎనిమిదింటికి లేచినా ఎవరూ ఏమీ అనరు. మొహం కడుక్కుని వచ్చేసరికి చేతికి కాఫీ వస్తుంది, అదీ తనకు నచ్చినంత చక్కెరతో. 'ఇవాళ కూరేం చెయ్యను?' అన్న ప్రశ్న ఉండదు. మధ్యాహ్నం కంచంలో తనకిష్టమైన గుత్తివంకాయ కనిపిస్తుంది. పిల్లలు తిన్నారో లేదో చూడటానికి అమ్మమ్మ ఉంది. ఎక్కడ ఆడుకుంటున్నారో కనిపెట్టడానికి తాతయ్య ఉన్నాడు. ఆ ఇంట్లో ఏసీ ఉండకపోవచ్చు, పరుపు గుంటలు పడి ఉండొచ్చు. అయినా నాలుగు రోజులకే మొహంలో కళ వచ్చేస్తుంది. ఎందుకంటే ఆ నాలుగు రోజులూ ఆమె దేని గురించీ ఆలోచించక్కర్లేదు.

ప్రపంచంలోని పేరున్న రిసార్టులు అమ్ముతున్నది సరిగ్గా దీన్నే. కాకపోతే రాత్రికి ఇంత అని లెక్కగట్టి!

చెప్పులు సంచీలోకి...

మాల్దీవుల్నే తీసుకోండి. హిందూ మహాసముద్రంలో దాదాపు 1200 చిట్టి దీవులున్న దేశమిది. ఇక్కడ పర్యాటకం సాధ్యపడదని 1960ల్లో ఐక్యరాజ్యసమితి తరఫున వచ్చిన నిపుణులు తేల్చిచెప్పారట. ఆ మాట పట్టించుకోకుండా 1972లో జార్జ్ కోర్బిన్ అనే ఇటలీ ట్రావెల్ వ్యాపారి కొద్దిమంది యాత్రికుల్ని వెంటబెట్టుకొచ్చాడు. అదే ఏడాది రాజధాని మాలె దగ్గర్లోని ఓ దీవిలో 30 గదులతో 'కురుంబా' రిసార్టు మొదలైంది. ఇప్పుడక్కడ 170కి పైగా రిసార్టులున్నాయి. 2023లో మన దేశం నుంచే 2 లక్షల మందికి పైగా వెళ్లొచ్చారు.

ఒక దీవికి ఒకే రిసార్టు అన్నది వాళ్ల పద్ధతి. అంటే పక్కన ఊరుండదు, బజారుండదు, హారన్ల మోత ఉండదు. మాలెలో విమానం దిగిన అతిథిని నీళ్లమీద వాలే బుల్లి సీప్లేన్‌లోనో, వేగంగా దూసుకుపోయే పడవలోనో దీవికి చేరుస్తారు. సీప్లేన్లు పగలే తిరుగుతాయి. పైలట్లు ఉత్త కాళ్లతో నడపడం అక్కడ మామూలే. అదిగో, అక్కడే మొదలవుతుంది మార్పు. విమానం నడిపే ఆయనకే బూట్లు లేవంటే మనకెందుకీ హడావుడి అనిపిస్తుంది.

సోను శివదాసానీ, ఆయన భార్య ఇవా కలిసి 1995లో బా అటాల్‌లోని కున్‌ఫునదూ దీవిలో 'సొనెవా ఫుషి' రిసార్టు తెరిచారు. దాని నినాదం... 'వార్తల్లేవు, చెప్పుల్లేవు'. అతిథి రాగానే చెప్పులు విప్పించి ఓ గుడ్డసంచీలో వేసి కట్టేస్తారు. తిరిగి వెళ్లేదాకా వాటితో పనిలేదు. దీవి అంతా ఇసుక దారులే. హోటలుకు వెళ్లినా, భోజనానికి కూర్చున్నా అందరివీ మట్టి అంటిన పాదాలే. కంపెనీ ఛైర్మనూ అంతే, ఆయన పిల్లలూ అంతే. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి గుళ్లోకి అడుగుపెట్టే మనకు ఈ కిటుకు కొత్తదేం కాదు. బయటి ప్రపంచం అక్కడితో ఆగిపోయిందని మనసుకు చెప్పడానికి అంతకంటే తేలికైన దారి ఇంకొకటి ఉందా!

మాల్దీవుల్లో మరో తమాషా కూడా ఉంది. చాలా రిసార్టులు తమ గడియారాన్ని మాలె సమయం కంటే ఓ గంట ముందుకు తిప్పుకుంటాయి. దాంతో సూర్యాస్తమయం 'ఆలస్యంగా' అవుతుంది. సాయంత్రం మరో గంట పెరుగుతుంది. పైసా ఖర్చు లేకుండా అతిథికి దక్కే గంట అది.

అంత దూరం ఎందుకు, మన హైదరాబాద్‌లోని ఫలక్‌నుమా ప్యాలెస్ సంగతే చూడండి. పాయిగా నవాబు సర్ వికారుల్ ఉమ్రా 1884లో కట్టించడం మొదలుపెట్టిన భవనం. తర్వాత ఆరో నిజాం చేతికొచ్చింది. ఏళ్ల తరబడి మూతపడి ఉన్నదాన్ని తాజ్ సంస్థ పదేళ్ల పాటు బాగుచేయించి 2010 నవంబరులో హోటలుగా తెరిచింది. పాతబస్తీ ట్రాఫిక్‌లోంచి ఈదుకుంటూ కొండెక్కిన అతిథి కారును గేటు దగ్గరే ఆపేస్తారు. అక్కడి నుంచి గుర్రపు బగ్గీ. టకటకమంటూ నింపాదిగా పైకి తీసుకెళ్తుంది. మెట్ల దగ్గరకు రాగానే గులాబీ రేకుల వాన. కారులో అయితే నిమిషంలో అయిపోయే దూరమే! కానీ ఫలక్‌నుమా వాళ్లకు కావాల్సింది ఆ నిమిషం కాదు. గుర్రం నడకతో పాటు మనిషి గుండె కూడా నెమ్మదించడం.

ఏం కట్టుకోవాలి? ఎంతవుతుంది?

గుమ్మం దాటాక రెండో మెట్టు... ప్రశ్నల్ని తుడిచెయ్యడం. ఇంట్లో రోజూ మనల్ని తినేసేవి పెద్ద సమస్యలు కావు. ఏం వండాలి, ఏం కట్టుకోవాలి, ఎంతివ్వాలి అన్న చిల్లర ప్రశ్నలే.

రిషికేశ్‌కు పైన, నరేంద్రనగర్‌లో, టెహ్రీ గఢ్వాల్ మహారాజుల ప్యాలెస్ ఆవరణలో 2000లో మొదలైన 'ఆనంద' రిసార్టుకు వెళ్తే గదిలో తెల్లటి కుర్తా పైజమా సిద్ధంగా ఉంటుంది. పగలంతా అవే వేసుకోవచ్చు. యోగాకు వెళ్లినా, భోజనానికి వెళ్లినా, తోటలో తిరిగినా అవే. మాసినవి తీసుకెళ్లి ఉతికినవి పెడతారు. సూట్‌కేసు నిండా చీరలూ డ్రస్సులూ సర్దుకుని, 'దీనిమీదికి ఆ జాకెట్టు తేలేదే' అని అక్కడికెళ్లాక బాధపడేవాళ్లకు ఈ ఒక్క ఏర్పాటు విలువ తెలుస్తుంది. పక్కన కూర్చున్నది పారిశ్రామికవేత్తా, సినిమా తారా, రిటైరైన మాస్టారా అన్నది కూడా బట్టల్ని బట్టి తెలీదు. ఎదుటివాళ్లతో పోల్చుకునే బాధ కూడా తప్పుతుంది.

ఇక డబ్బు. దీని గుట్టు పట్టినవాడు బెల్జియంకు చెందిన వాటర్‌పోలో ఆటగాడు గెరార్డ్ బ్లిట్జ్. రెండో ప్రపంచయుద్ధం గాయాలు ఇంకా పచ్చిగా ఉన్న రోజుల్లో, 1950లో, స్పెయిన్‌కు చెందిన మజోర్కా దీవిలో గుడారాలు వేసి 'క్లబ్ మెడిటరానీ' అనే సెలవుల ఊరు మొదలుపెట్టాడు. అందులో విలాసమేమీ లేదు. కొత్తదనమంతా లెక్కలో ఉంది. ముందే ఒక మొత్తం కట్టేస్తే చాలు... గుడారం, తిండి, ఆటలు అన్నీ అందులోనే. తర్వాతి ఏళ్లలో పానీయాలకు కూడా డబ్బు బదులు పూసలదండ ఇచ్చారు. మెడలోని పూస తెంపి ఇస్తే సరి! అతిథులూ పనివాళ్లూ ఒకే బల్ల దగ్గర తినేవాళ్లు. ఈనాడు ప్రపంచమంతటా రిసార్టుల ప్రకటనల్లో కనిపించే 'అన్నీ కలిపి' ప్యాకేజీకి పాపులారిటీ తెచ్చింది ఆ ఊరే.

జేబులోంచి డబ్బు తీసిన ప్రతిసారీ మనసుకు చురుక్కుమంటుందని, ఆ బాధ కొన్న వస్తువు ఇచ్చే ఆనందాన్ని కొంత మింగేస్తుందని డ్రేజన్ ప్రెలెక్, జార్జ్ లోవెన్‌స్టీన్ అనే ఇద్దరు ఆచార్యులు 1998లో రాశారు. ముందే చెల్లించేస్తే, అనుభవించే వేళకు ఆ బాధ మరుపున పడిపోతుంది. మన పెద్దవాళ్లకు ఇది చెప్పాల్సిన పనిలేదు. రిసార్టు మెనూలో నిమ్మరసం ధర చూసి, 'నాకు దాహంగా లేదులే' అనే తాతయ్య ప్రతి ఇంట్లోనూ ఉంటాడు. అన్నీ కలిపి ముందే కట్టేశామని తెలిస్తే ఆయనే రెండు తాగుతాడు!

అడగకుండానే...

ఇంతవరకూ చెప్పినవి ఏర్పాట్లు. డబ్బుంటే ఎవరైనా చేసుకోవచ్చు. అసలు కష్టం ఇక్కడి నుంచి ఉంది. పుట్టింట్లో అమ్మకు కూతురి ఇష్టాలన్నీ కంఠతా. మరి నిన్న సాయంత్రం పడవ దిగిన అపరిచితుడి ఇష్టాలు రిసార్టుకు ఎలా తెలుస్తాయి?

గమనించడం వల్ల! మంచి రిసార్టుల్లో ప్రతి అతిథికీ ఓ చిట్టా ఉంటుంది. గదులు శుభ్రం చేసే అమ్మాయి చూస్తుంది... మూడు దిండ్లలో రెండింటిని పక్కన పడేశారు, అంటే ఒక్కటే చాలు. వడ్డించే కుర్రాడు చూస్తాడు... ఆయన ఎడమ చేతివాటం, చెంచా అటు పెట్టాలి. పాప పెరుగు తప్ప ఏదీ ముట్టలేదు. ఇవన్నీ చిట్టాలోకి ఎక్కుతాయి. మర్నాడు ఆ ప్రకారం అన్నీ మారిపోయి ఉంటాయి. మళ్లీ రెండేళ్లకు వచ్చినా ఆ చిట్టా పదిలంగా ఉంటుంది. అతిథి టిఫినుకు వెళ్లడం చూసి గది సర్దేస్తారు. తిరిగొచ్చేసరికి బకెట్టూ చీపురూ ఎక్కడా కనిపించవు. మనం నిద్రలేచేసరికి ఇల్లు ఊడ్చి ముగ్గేసి ఉన్నట్టు.

ఇలా గమనించే గుణం శిక్షణతో కొంత వస్తుంది, పెంపకంతో కొంత వస్తుంది. తాజ్ హోటళ్ల పద్ధతుల మీద రోహిత్ దేశ్‌పాండే, అంజలీ రైనా 2011లో 'హార్వర్డ్ బిజినెస్ రివ్యూ'లో ఓ వ్యాసం రాశారు. తాజ్ కింది స్థాయి ఉద్యోగుల కోసం మహానగరాల కంటే చిన్న పట్టణాలనే ఎక్కువగా వెతుకుతుందట. పెద్దల పట్ల గౌరవం, పక్కవాళ్ల అవసరం కనిపెట్టే స్వభావం అక్కడి పిల్లల్లో ఇంకా మిగిలి ఉంటాయని నమ్మకం. మిగతా హోటళ్లు ఏడాది శిక్షణ ఇస్తే ఇక్కడ ఏడాదిన్నర. హోటలు ముందు అతిథి తరఫున నిలబడే మనిషిగా ఉండమని వాళ్లకు నేర్పుతారు. అతిథి ముందు హోటలు తరఫున కాదు. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, గదిలో ఏసీ పనిచెయ్యని రాత్రి అది ఎంత పెద్దదో తెలుస్తుంది.

రిట్జ్ కార్ల్‌టన్ హోటళ్ల వాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. అతిథికి ఇబ్బంది ఎదురైతే దాన్ని సరిదిద్దడానికి 2000 డాలర్ల దాకా ఖర్చుచేసే అధికారం అక్కడ ప్రతి ఉద్యోగికీ ఉంది. గదులు ఊడ్చే మనిషికి కూడా! మేనేజర్ అనుమతి అక్కర్లేదు. ఆ సొమ్మంతా ఖర్చుపెట్టే అవసరం ఎప్పుడో గానీ రాదు. అసలు లాభం వేరే. 'మేనేజర్ వచ్చాక చెప్తాం సార్' అన్న మాట అతిథి చెవిన పడదు. సెలవులో సగం నీరసం తెప్పించేది ఆ మాటే మరి.

ఏమీ లేకపోవడమే వైభోగం

డబ్బెక్కువ తీసుకుంటున్నారు కాబట్టి అన్నీ ఎక్కువ ఉండాలని మనం అనుకుంటాం. ఏడ్రియన్ జెకా తిరగేసి ఆలోచించాడు. జావాలో పుట్టి, పత్రికా రంగంలో పనిచేసి, ఆ తర్వాత హోటళ్ల వ్యాపారంలోకి వచ్చిన ఈయన థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ తీరంలో తనకో సెలవుల ఇల్లు కట్టుకుందామని కొబ్బరితోట కొన్నాడు. అది కాస్తా 1988లో 'అమన్‌పురి' అయ్యింది. శాంతిపురి అన్నమాట. గదులు నలభైకి మించవు. అన్ని తక్కువ గదులతో ఏం గిట్టుబాటవుతుందని బ్యాంకులు అప్పివ్వలేదు. సొంత సొమ్ముతో, స్నేహితుడి సాయంతో పూర్తిచేశాడు.

అక్కడికి వచ్చినవాళ్లు ఆశ్చర్యపోయారు. రిసెప్షన్ కౌంటర్ లేదు, ఫారాలు నింపడాలు లేవు. గదుల్లో టీవీలు కూడా పెట్టలేదు. నిలబడి సంతకాలు చేయించడం హోటలు లక్షణమని, ఎవరైనా ఇంటికొస్తే అలా చేస్తామా అని ఆయన లెక్క. జనం ఎంతగా అలవాటుపడ్డారంటే, ప్రపంచంలో ఎక్కడ కొత్త అమన్ తెరిచినా వెతుక్కుంటూ వెళ్లేవాళ్లకు 'అమన్ జంకీలు' అని పేరే వచ్చింది.

మన దేశంలోనూ ఈ దారి తొక్కినవాళ్లున్నారు. కొచ్చిన్‌లోని క్యాసినో గ్రూపు (ఇప్పుడు సీజీహెచ్ ఎర్త్) 1980ల చివర్లో లక్షదీవుల్లోని బంగారం దీవిలో టీవీ, ఏసీ లేని రిసార్టు నడిపింది. కుమరకోంలో వాళ్ల 'కోకనట్ లగూన్'కు పడవలోనే వెళ్లాలి. కేరళలో కూల్చేయబోతున్న పాతకాలపు కొయ్య ఇళ్లను ఊడదీసి తెచ్చి, మళ్లీ అక్కడ నిలబెట్టారు.

దీనికి భిన్నంగా మన నగరాల శివార్లలో రిసార్టు పేరుతో వెలిసినవాటిని చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు. పొద్దున టిఫిను దగ్గర పెళ్లి భోజనాల వరస. పదకొండింటికి రెయిన్ డ్యాన్సు. సాయంత్రం డీజే. మధ్యలో మైకు పట్టుకుని 'అంకుల్, ఆంటీ... అందరూ లేచి రావాలి' అని పిలిచే కుర్రాడు. కునుకు తీద్దామనుకున్న అంకుల్‌కు దాక్కోవడానికి చోటుండదు! సరదాకు అభ్యంతరం లేదు. కానీ సరదా వేరు, విశ్రాంతి వేరు. రెండోదాని పేరు చెప్పి మొదటిదాన్ని అమ్మడమే అన్యాయం.

ఎనిమిదో రోజు

ఈ తేడా ఉత్త మాట కాదు, లెక్కలు కూడా ఉన్నాయి. నెదర్లాండ్స్‌లో 1530 మంది పెద్దల్ని పరిశీలించి యెరూన్ నావెయిన్ బృందం 2010లో ఓ పరిశోధన ప్రచురించింది. వాళ్లలో 974 మంది యాత్రలకు వెళ్లొచ్చారు. యాత్రకు ముందు వాళ్లు మిగతావాళ్ల కంటే సంతోషంగా ఉన్నారు. ఎదురుచూపులో ఉన్న ఆనందమది. తిరిగొచ్చాక? ఇంట్లోనే ఉండిపోయినవాళ్లకూ వీళ్లకూ పెద్ద తేడా లేదు! ఒక్క గుంపుకు మాత్రం మినహాయింపు. తమ సెలవు 'చాలా ప్రశాంతంగా' గడిచిందని చెప్పినవాళ్లలో ఆ సంతోషం ఓ రెండు వారాలు నిలిచింది. ఫర్వాలేదన్నవాళ్లకు, హడావుడిగా గడిచిందన్నవాళ్లకు అదీ లేదు.

అదే దేశంలో జెస్సికా డి బ్లూమ్ బృందం మరో సంగతి చూసింది. సుదీర్ఘ సెలవు తీసుకున్న 54 మంది ఉద్యోగుల్ని అడుగుతూ పోయారు. వాళ్ల ఆరోగ్యం, హుషారు పెరుగుతూ పెరుగుతూ ఎనిమిదో రోజుకు శిఖరానికి చేరాయి. తిరిగి పనిలోకి వెళ్లిన మొదటి వారంలోనే మొదటికొచ్చాయి.

జర్మనీకి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త జబీనె జొన్నెన్‌టాగ్ తన సహచరురాలితో కలిసి 2007లో, అలసట తీరడానికి నాలుగు కావాలని చెప్పారు. పని నుంచి మనసు పూర్తిగా తెగిపోవడం, ఒళ్లు సేదతీరడం, కొత్తదేదైనా నేర్చుకోవడం, తన సమయం తన చేతిలో ఉండటం. మొదటిదే అన్నింటికంటే కష్టం. సముద్రపు ఒడ్డున కూర్చుని ఆఫీసు వాట్సాప్ గ్రూపు చూసుకునే మనిషి సముద్రం ఒడ్డున లేడు, ఆఫీసులోనే ఉన్నాడు. చెప్పులతో పాటు ఫోన్ కూడా ఆ గుడ్డసంచీలో పడేస్తే బాగుండుననిపిస్తుంది.

వదినకు సెలవెప్పుడు?

పుట్టింటి మాట ఎత్తినప్పుడు ఒకటి చెప్పకుండా దాటేశాం. ఆడపడుచు ఎనిమిదింటికి లేస్తే, వదిన అయిదింటికే లేచి ఉంటుంది. ఆ కాఫీ, ఆ గుత్తివంకాయ వాటంతటవే రావు. ఒకరి విశ్రాంతి వెనక ఇంకొకరి పని ఉంటుంది.

రిసార్టుల్లోనూ అంతే. ఖరీదైనచోట గదికి ఇద్దరు, ముగ్గురు లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేస్తారు. వాళ్లలో చాలామంది అతిథి కంటికి కనిపించరు. అమెరికాలోని ఫ్లోరిడాలో 1971లో తెరిచిన డిస్నీ మ్యాజిక్ కింగ్‌డమ్‌లో అయితే సిబ్బంది తిరగడానికి, చెత్త తరలించడానికి నేల కింద ప్రత్యేకంగా దారులే కట్టారు. మాల్దీవుల దీవుల్లో కూడా చెట్ల వెనక ఓ రెండో ఊరు ఉంటుంది. సముద్రపు నీటిని మంచినీళ్లు చేసే యంత్రాలు, జనరేటర్లు, లాండ్రీ, సిబ్బంది గదులు, వాళ్ల మెస్సు. బంగ్లాదేశ్, భారత్, శ్రీలంక, నేపాల్, ఫిలిప్పీన్స్‌ల నుంచి వచ్చి నెలల తరబడి ఇంటి మొహం చూడకుండా పనిచేసేవాళ్లెందరో. మాల్దీవుల వాళ్లకు కూడా సొంత దీవి వేరు, కొలువు చేసే దీవి వేరు. అలా ఇల్లు వదిలి ఉండాల్సిరావడం వల్లే అక్కడి రిసార్టుల్లో స్థానిక మహిళలు చాలా తక్కువగా కనిపిస్తారు.

పైగా వాళ్లు చేసేది బరువులు మోసే పని మాత్రమే కాదు. రోజంతా నవ్వు మోయాలి. ఆర్లీ హోష్‌షీల్డ్ అనే అమెరికా సామాజికవేత్త 1983లో విమానాల్లో పనిచేసే అమ్మాయిల గురించి రాసిన పుస్తకంలో దీన్ని కూడా ఓ శ్రమగానే లెక్కగట్టారు. లోపల ఏమున్నా మొహం మీద ప్రసన్నత నిలపడానికి ఖర్చయ్యే శక్తి. అది జీతం చీటీలో కనిపించదు.

అతిథికి ఇది పట్టాల్సిన అవసరం ఏముందని అడగొచ్చు. ఉంది. అలిసిపోయి, విసిగిపోయి ఉన్న మనిషి ఎదుటివాడి దిండు సంగతి గమనించడు. చెప్పింది చేస్తాడు, అంతే. అందుకే ఓ రిసార్టు ఎలాంటిదో తెలుసుకోవాలంటే ఈత కొలను ఫొటో చూడటం కంటే, అక్కడ ఒకే కుర్రాడు ఎన్నేళ్లుగా పనిచేస్తున్నాడో మాటల్లో అడిగి చూడటం మేలు. 'వచ్చి నెలైంది సార్, వచ్చే నెల మానేస్తా' అంటే గుమ్మంలోనే అర్థమైపోతుంది.

మన మూడు రాత్రులు, నాలుగు పగళ్లు

రాత్రికి లక్ష పోసి మాల్దీవులకు వెళ్లడం అందరికీ కుదిరే పని కాదు. ఆ దేశంలోనే 2009 తర్వాత జనం నివసించే దీవుల్లో అతిథి గృహాలకు అనుమతిచ్చారు. అవి రిసార్టుల కంటే ఎంతో చవక. ఇక్కడ మనకు కోనసీమలో, దిండి దగ్గర గోదావరి ఒడ్డున పర్యాటక శాఖ రిసార్టు ఉంది. అరకు ఉంది. ఎక్కడికి వెళ్లినా, మనకున్నది ఎనిమిది రోజులు కాదు, మూడు రాత్రులే అయినా, పెద్ద రిసార్టుల కిటుకులు కొన్నింటిని ఊరికే వాడుకోవచ్చు.

ఉదాహరణకు ఏడు ఊళ్ల బదులు ఒకే ఊరు. సామాను ఒక్కసారే విప్పి, ఒక్కసారే సర్దడం. తినే ఖర్చు, తిరిగే ఖర్చు ముందే ఓ కవరులో వేసి పక్కన పెట్టేస్తే 'అమ్మో అంతా!' అన్న మాట రోజుకు పదిసార్లు వినబడదు. చేరగానే ఏదో చూసెయ్యాలని పరిగెత్తకుండా, మొదటి సాయంత్రం వరండాలో కూర్చోవడానికి వదిలెయ్యడం. ఇవేవీ పెద్ద విషయాలు కావు.

అన్నింటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది... ఈ సెలవు ఇంట్లో ఎవరికి? నాన్న వరండాలో పేపర్ చదువుతుంటారు, పిల్లలు నీళ్లలో ఆడుతుంటారు. అమ్మ మాత్రం తడిబట్టలు ఆరేస్తూ, మందులు వెతుకుతూ, 'రేపు టిఫిను ఎన్నింటికట?' అని కనుక్కుంటూ ఉంటుంది. వంట ఒక్కటే తప్పింది, మిగతా కొలువంతా ఆమెతో పాటే వచ్చింది! స్టవ్వుతో సహా బయల్దేరే కుటుంబాల్లో అయితే వంట కూడా తప్పదు. పెద్ద రిసార్టులో వందల మంది కలిసి చేసే పని... ఎవరికి ఏది కావాలో కనిపెట్టి, అడక్కుండా అందించడం... ఇంట్లో ఏడాది పొడవునా ఒక్కమనిషే చేస్తోంది. రోజుకొకరు చొప్పున ఆ చిట్టాను మిగతావాళ్లు పట్టుకుంటే చాలు. మొదటి రోజు నాన్న, రెండో రోజు పెద్దమ్మాయి. టిఫిను ఆలస్యమవుతుంది, ఎవరిదో తువ్వాలు పోతుంది. అయినా ఫర్వాలేదు.

చివరి చూపు

డానియల్ కానెమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తకు 2002లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఏ అనుభవాన్నైనా మనం దాని సగటును బట్టి గుర్తుపెట్టుకోమని, బాగా తీవ్రంగా ఉన్న క్షణాన్నీ, చివరి క్షణాన్నీ బట్టే గుర్తుపెట్టుకుంటామని ఆయన, ఆయన సహచరులు చూపించారు. 1996లో వాళ్లు దీన్ని ఆసుపత్రిలో కడుపు పరీక్షలు చేయించుకునే రోగుల మీద గమనించారు. రిసార్టులు దీన్ని సెలవుల్లో వాడుకుంటున్నాయి. అందుకే మంచిచోట్ల చివరి రోజున కౌంటర్ దగ్గర నిలబెట్టి, మినీబార్ లెక్క చదివి, 'ఓ తువ్వాలు తగ్గింది సార్' అని అనరు. లెక్కలన్నీ ముందురాత్రే తేల్చేస్తారు. పొద్దున మిగిలేది వీడ్కోలే.

మాల్దీవుల్లో ఆ దృశ్యం చూడాలి. జెట్టీ మీద నలుగురైదుగురు సిబ్బంది వరసగా నిలబడతారు. గుడ్డసంచీలోంచి చెప్పులు బయటికొస్తాయి. ఇన్నాళ్ల తర్వాత కాళ్లకు అవి కొత్తగా, ఇరుగ్గా అనిపిస్తాయి. పడవ కదులుతుంది. జెట్టీ మీదివాళ్లు చెయ్యి ఊపుతూనే ఉంటారు. పడవలోంచి పిల్లలు వెనక్కి తిరిగి ఊపుతుంటారు. మనుషులు చుక్కలంతై, చెట్లలో కలిసిపోయేదాకా అటు చేతులు దిగవు.

పడవ కనుమరుగయ్యాక వాళ్లు చేతులు దించి గబగబా వెనక్కి నడుస్తారు. దుప్పట్లు మార్చాలి, ఇసుక మీది పాదముద్రలు చెరిపెయ్యాలి, ఓ దిండు తీసి రెండు పెట్టాలి. మధ్యాహ్నం సీప్లేన్‌లో కొత్తవాళ్లు దిగుతున్నారు.